డబ్బిచ్చింది ఎవరో చెప్పే రెండు వాక్యాలు రాయమనండి, ఒప్పుకోకపోతే మీ పేరు తీసేయమనండి

తర్వాత వచ్చి చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు ఎం.ఏ. ఎకనామిక్స్ చేసి, హైదరాబాద్‌లో ఒక కన్సల్టింగ్ సంస్థలో రెండేళ్లుగా రీసెర్చ్ అసోసియేట్‌గా ఉన్నారు. డెలివరీ యాప్ కంపెనీల సంఘం ఒకటి డబ్బిచ్చి మీ సంస్థ చేత రిపోర్టు రాయించుకుంది. గిగ్ వర్కర్ల సంక్షేమానికి ప్రతి ఆర్డరు మీదా సెస్సు వేస్తే ఎంతమందికి పని పోతుందనేది విషయం. లెక్కలు కట్టింది మీరే. ఇప్పుడు మీ సార్ అదే సరుకుతో ఒక దినపత్రిక ఎడిట్ పేజీకి వ్యాసం రాస్తూ, కింద మీ పేరు కూడా వేస్తానన్నారు. డబ్బిచ్చింది ఎవరో చెబుదామా అని మీరడిగితే, “రిపోర్టు వేరు, వ్యాసం వేరు, ఇది మన అభిప్రాయం” అన్నారు. ఇది తప్పా, లేక అందరూ చేసేదేనా అని అడిగారు.

అందరూ చేసేదే. తప్పు కూడా.

ముప్పై ఏళ్లకు పైగా నేను ఈ పనిలోనే ఉన్నాను. కొంతకాలం ప్రభుత్వ గ్రాంటుతో నడిచే పరిశోధనా సంస్థలో, కొంతకాలం కన్సల్టెన్సీల్లో చేశాను. ఈ తప్పు నేనూ చేశాను. కాబట్టి గట్టు మీద కూర్చుని చెబుతున్నాననుకోకండి.

మన దగ్గర పెళ్లిళ్ల పేరయ్య ఉంటాడు కదా. అబ్బాయి వాళ్ల దగ్గరా తీసుకుంటాడు, అమ్మాయి వాళ్ల దగ్గరా తీసుకుంటాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు కాబట్టే ఎవరూ మోసపోరు. “కుర్రాడు బంగారం” అని ఆయన అంటే, అందులో ఎన్ని క్యారెట్లు తగ్గించుకోవాలో వినేవాళ్లకు తెలుసు. అదే పేరయ్య తాను పేరయ్యనని చెప్పకుండా, రైల్లో పక్క సీట్లో కూర్చున్న పెద్దమనిషిలా అదే కుర్రాణ్ణి పొగిడితే? మాట అదే, కానీ వినేవాడికి తరుగు తీసే అవకాశం పోయింది. మీ సార్ చేయబోయేది ఇదే. ఆయన అబద్ధం రాస్తున్నారని నేను అనట్లేదు.

అసలు మన వృత్తిలో అబద్ధం అంకెలో ఉండటం చాలా అరుదు. ఏ వరుసను టేబుల్లో పెట్టలేదన్న దగ్గర ఉంటుంది అది. నా సంగతే చెబుతాను.

చాలా ఏళ్ల కిందట ఒక రైస్ మిల్లర్ల సంఘం మా సంస్థకు ఒక స్టడీ ఇచ్చింది. ప్రభుత్వం సేకరించిన ధాన్యాన్ని మర ఆడించి బియ్యం తిరిగి ఇవ్వడం, అంటే కస్టమ్ మిల్లింగ్. వంద కేజీల ధాన్యానికి రా రైస్ అయితే 67, బాయిల్డ్ అయితే 68 కేజీలు ఇవ్వాలి. దానికి ప్రభుత్వం ఇచ్చే ఛార్జీ గిట్టుబాటు కావట్లేదు, అసలు ఖర్చెంతో మీరు తేల్చండి అన్నారు. మిల్లులన్నీ తిరిగాం. కరెంటు, హమాలీ, జీతాలు, బ్యాంకు వడ్డీ, మెషీన్ల అరుగుదల, డ్రయ్యర్ ఖర్చు అన్నీ రాసుకున్నాం. ఖర్చుల వరుసలన్నీ అయ్యాక నా ముసాయిదాలో ఇంకో వరుస ఉంది: “తీసివేత: తవుడు, నూకలు, ఊక ద్వారా ఆదాయం.” ఎందుకంటే అవన్నీ మిల్లరుకే మిగులుతాయి. తవుడు నూనె తీసే సాల్వెంట్ ప్లాంటుకు పోతుంది, నూకలు కోళ్ల దాణాకు, ఊక బాయిలర్లకూ ఇటుక బట్టీలకూ పోతాయి. ఆ వరుస ఉంటే నష్టం కాస్తా బాగా చిన్నదైపోతోంది.

ముసాయిదా మీద మీటింగు పెట్టారు. సంఘం కార్యదర్శి చాలా మర్యాదస్తుడు, గొంతు పెంచి మాట్లాడడం కూడా ఎరగడు. “సార్, మీరు రాసినదేదీ కొట్టేయమని మేం అనం. కానీ మర ఆడించడం ప్రభుత్వ పని, తవుడు అమ్ముకోవడం మా వ్యాపారం. రెండూ ఒక టేబుల్లో ఎందుకండీ?” అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది కదా? నాకూ అలాగే అనిపించింది. అనిపించడానికి ఇంకో కారణం ఉంది. చివరి వాయిదా డబ్బు రిపోర్టును వాళ్లు ఆమోదించాకే వస్తుంది, అందులోంచే ముగ్గురు ఫీల్డ్ కుర్రాళ్లకు జీతాలివ్వాలి. ఆ వరుసను అనుబంధంలోకి మార్చాను. తర్వాత పేజీలు ఎక్కువయ్యాయని అనుబంధాలన్నిటినీ రెండో సంపుటంగా విడదీశారు. ఆ రెండో సంపుటం అచ్చయిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

రిపోర్టులో ఒక్క తప్పుడు అంకె లేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు, లంచమూ ఇవ్వలేదు.

కొన్నాళ్లకు ఒక టీవీ చర్చకు నన్ను పిలిచారు. పేరు కింద “ఆర్థిక విశ్లేషకులు” అని వేశారు, నేను కూడా దర్జాగా ఆ రిపోర్టు అంకెలే చెప్పాను. ఆ స్టడీకి డబ్బులు ఎవరిచ్చారో చెప్పాలని తట్టనైనా తట్టలేదు. ఫోన్‌లో ఒక రైతు లైన్లోకి వచ్చి, “అంతా బాగానే ఉంది గానీ సారూ, తవుడు ఎవలకు పోతది?” అని అడిగాడు. నేనేదో చెప్పాను, ఏం చెప్పానో గుర్తు పెట్టుకోదలచుకోలేదు. నాకున్న డిగ్రీలేవీ లేని మనిషి నా టేబుల్లో ఏ వరుస లేదో ఒక్క ముక్కలో పట్టేశాడు. ఎవరి డబ్బుతో చేశానో ముందే చెప్పి ఉంటే అలాంటి ప్రశ్నలు ఇంకా వచ్చేవి. డిస్‌క్లోజర్‌తో వచ్చే ఉపయోగం ఇదే. ఏ మూల వెతకాలో చదివేవాడికి తెలుస్తుంది.

మీ విషయానికి దగ్గరగా ఉండే ఉదాహరణ ఒకటి ఉంది. ప్రిన్స్‌టన్ ఆర్థికవేత్త అలన్ క్రూగర్, అప్పట్లో ఊబర్‌లో పనిచేస్తున్న ఆర్థికవేత్త జొనాథన్ హాల్ కలిసి 2015లో అమెరికా ఊబర్ డ్రైవర్ల మీద ఒక పేపరు తెచ్చారు. దాంట్లో క్రూగర్ తన సంగతి దాచలేదు. మొదటి ముసాయిదా రాసిన 2014 డిసెంబరు, 2015 జనవరి నెలల్లో తాను ఊబర్‌కు కన్సల్టెంటుననీ, పేపర్లో ఏం రాయాలన్నది పూర్తిగా తన ఇష్టమేనని ఒప్పందంలో ఉందనీ రాశారు. ఆ పేపర్లో డ్రైవర్ల గంట సంపాదన పెట్రోలు, బండి అరుగుదల లాంటి ఖర్చులు తీయకముందు లెక్క. రచయితలు ఆ మాటా చెప్పారు. అయినా విమర్శకులు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు, వాళ్లకు ఆ హక్కుంది. నా తవుడు వరుసకూ ఈ పెట్రోలు వరుసకూ తేడా ఏమిటంటే, ఆయన పేపర్లో అది లేదని అందరికీ కనిపించేలా ఉంది. నేను చేసిన రిపోర్టులో అలా కనిపించేలా లేదు.

“డబ్బిచ్చింది ఎవరో చెప్పాలన్న నియమం ఎక్కడుంది?” అని మీ సార్ అడుగుతారు. అడిగితే చెప్పడానికి చరిత్ర కొంచెం తెలిసి ఉండాలి.

2006 మేలో ఐస్‌లాండ్ వాణిజ్య మండలి ఒక రిపోర్టు వేసింది. కొలంబియా యూనివర్సిటీకి చెందిన ఫ్రెడరిక్ మిష్కిన్ ఒక ఐస్‌లాండ్ ఆర్థికవేత్తతో కలిసి రాశారు. శీర్షిక “ఐస్‌లాండ్‌లో ఆర్థిక స్థిరత్వం”. దీనికి ఆయనకు ముట్టింది 1,24,000 డాలర్లు. అదే ఏడాది ఆయన అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ గవర్నర్లలో ఒకరయ్యారు. 2008 అక్టోబరులో ఐస్‌లాండ్‌లోని మూడు పెద్ద బ్యాంకులూ రోజుల తేడాలో కుప్పకూలాయి. మూడు లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశంలో, దేశ జీడీపీకి ఎన్నో రెట్లు ఆస్తులున్న బ్యాంకులవి. 2010లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో ఆయన్ను దీని గురించి నిలదీశారు. అప్పటికి ఆయన సీవీలో ఆ రిపోర్టు పేరు “ఐస్‌లాండ్‌లో ఆర్థిక అస్థిరత్వం” అని మారి ఉంది! అచ్చుతప్పు అయి ఉంటుందన్నారు ఆయన. ఇంగ్లిష్‌లో ముందు చేరింది “ఇన్” అనే రెండక్షరాలే కాబట్టి కావచ్చు కూడా. కానీ ఎప్పుడూ మనకు అనుకూలంగానే పడే అచ్చుతప్పుల్ని మన ఊళ్లో ఏమంటారో మీకు తెలుసు.

ఆ డాక్యుమెంటరీ వచ్చిన కొన్ని నెలలకు, 2011 జనవరిలో, దాదాపు 300 మంది ఆర్థికవేత్తలు అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్‌కు ఉత్తరం రాశారు. డాక్టర్లకూ లాయర్లకూ ఉన్నట్టు మనకూ నియమం ఉండాలి కదా అని. నూరేళ్లు దాటిన ఆ సంస్థకు అప్పటిదాకా అలాంటిది లేదంటే నమ్మరు. 2012 జనవరిలో నియమాలు వచ్చాయి. వాటి సారం ఇది. పేపరు విషయంతో ప్రయోజనం ముడిపడి ఉన్న ఎవరి దగ్గరనుంచైనా గత మూడేళ్లలో 10,000 డాలర్లో అంతకు మించో తీసుకుంటే చెప్పాలి. భార్యకో భర్తకో దగ్గరి బంధువుకో అలాంటి సంబంధం ఉన్నా చెప్పాలి. బయటికి వెళ్లకముందే పేపరును చూసే హక్కు ఎవరికైనా ఉంటే అదీ చెప్పాలి. డబ్బిచ్చినవాళ్లతో గోప్యత ఒప్పందం ఉంటే, ఉందన్న సంగతైనా చెప్పాలి.

మీకు పనికొచ్చే భాగం ఆ తర్వాత ఉంది. ఈ నియమాలు ఆ సంస్థ జర్నళ్లలో తప్పనిసరి. వాటితో ఆగకుండా పత్రికా వ్యాసాల్లో, రేడియో, టీవీ వ్యాఖ్యల్లో, చట్టసభల ముందు సాక్ష్యాల్లో కూడా ఇవే పాటించమని సభ్యులనూ ఇతర ఆర్థికవేత్తలనూ కోరింది. అంటే “రిపోర్టు వేరు, వ్యాసం వేరు” అన్న మీ సార్ వాదనను వాళ్లు ముందే ఊహించారు. నిజానికి వ్యాసానికే ఇది ఎక్కువ అవసరం. జర్నల్ చదివేవాడు టేబుళ్లు తిరగేసి మన గుట్టు లాగగలడు. పొద్దున్నే టీ తాగుతూ పేపరు చదివేవాడికి మన పేరు, హోదా తప్ప పట్టుకోవడానికి ఇంకేం ఉంటుంది?

ఆ నియమాల్లో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. “ప్రయోజనం” అంటే డబ్బొకటే కాదు, సిద్ధాంతపరమైనదీ రాజకీయపరమైనదీ కూడా అన్నారు. ఇది మనవాళ్లకు బీటీ పత్తి రోజుల్లోనే తెలిసొచ్చింది. 2002 మార్చిలో మహికో మోన్‌శాంటో కంపెనీ విత్తనాలకు అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది ఒక ప్రముఖ అంతర్జాతీయ సైన్స్ పత్రికలో ఇద్దరు ఆర్థికవేత్తల పేపరు వచ్చింది, బీటీతో దిగుబడి 80 శాతం దాకా పెరిగిందని. ఆ అంకెలు అనుమతికి ముందు 2001లో కంపెనీ రైతుల పొలాల్లో వేసిన ప్రయోగ పంటలవి. అదే సమయంలో ఇక్కడ వరంగల్ వైపు రైతులు నష్టపోయామని గగ్గోలు పెడుతున్నారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే ఎన్జీఓ వైపు నుంచి వచ్చిన అధ్యయనాలు కూడా నష్టమనే చెప్పాయి. ఆ సొసైటీ బీటీ పత్తి లాంటి జన్యుమార్పిడి (జీఎం) పంటలకు బహిరంగంగానే వ్యతిరేకి. చివరికి 2005లో మొదటి మూడు రకాలకూ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. ఆ తర్వాత వచ్చిన బీటీ రకాలు మాత్రం పత్తి చేలన్నీ ఆక్రమించాయి. కాబట్టి ఎవరు గెలిచారని నన్ను అడగకండి. నేను చూసింది వేరే. ఆ రోజుల్లో ఒక జిల్లా అధికారి బల్ల మీద రెండు రకాల రిపోర్టులూ పక్కపక్కనే ఉండేవి. ఆయన రెండూ తెరవకుండానే, ఏది ఎవరిదో అట్ట చూసి చెప్పేసేవాడు. నిజాయితీగా చేసిన లెక్కను కూడా ఎవరూ చదవని పరిస్థితి అలా వస్తుంది. ఎన్జీఓలో పనిచేస్తూ, “మేం డబ్బు తీసుకోలేదు కాబట్టి మాకు ప్రయోజనం లేదు” అనే మిత్రులకు నేను చెప్పేది కూడా ఇదే.

అలాగని డబ్బు ముట్టిందంటే మైల పడినట్టే అనుకోకండి. హైదరాబాద్‌లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు కలిసి నగరంలో 104 బస్తీలను తీసుకున్నారు. స్పందన అనే మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న అప్పులిచ్చే) సంస్థ వాటిలో సగం బస్తీల్లో, లాటరీ పద్ధతిలో ఎంచి, ముందుగా శాఖలు తెరిచింది. అంటే కంపెనీ సహకారం లేనిదే అధ్యయనమే లేదు. సర్వే ఖర్చులో ఐసీఐసీఐ బ్యాంకు డబ్బు కూడా ఉంది, ఆ సంగతి పేపర్లో రాశారు. తేలిందేమిటి? చిన్న అప్పులతో సగటున కుటుంబాల వినియోగం పెరగలేదు. ఆరోగ్యం, పిల్లల చదువు, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు, వీటిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లకు కొంత మేలు జరిగింది. ఏ అప్పులిచ్చే సంస్థా బ్రోషర్‌లో వేసుకునే ఫలితం కాదిది. మొదటి ఫలితాలు 2009లోనే బయటికొచ్చాయి, 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ గొడవ ముదరకముందే. డబ్బు, డేటా ఎవరివైనా, ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు తమ చేతిలో ఉంచుకుంటే ఇది సాధ్యం.

ఇక పూర్తిగా గీత దాటిన కేసులు వేరు. హార్వర్డ్ ఆర్థికవేత్త ఆండ్రీ ష్లైఫర్ 1990లలో అమెరికా ప్రభుత్వ డబ్బుతో రష్యాకు సంస్కరణల సలహాలిస్తూ, అదే రష్యాలో సొంత పెట్టుబడులు పెట్టుకున్న వ్యవహారం కోర్టుకెక్కింది. 2005లో హార్వర్డ్ 2.65 కోట్ల డాలర్లు, ఆయన 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు. మీ సంగతి దీని దరిదాపుల్లో కూడా లేదు, కంగారు పడకండి. చెప్పడం దేనికంటే, ఇలాంటి పెద్ద కేసులు చూపించి “మనం వాళ్లలా కాదు కదా” అని సరిపెట్టుకోవడం మన ఆఫీసుల్లో మామూలు.

ఇప్పుడు మీరేం చేయాలి.

మొదట మీ లెక్కల్లోనే తవుడు వరుస కోసం వెతకండి. 300 రూపాయల బిర్యానీ ఆర్డరు మీద 1 శాతం సెస్సంటే 3 రూపాయలు. 3 రూపాయలు పెరిగితే ఆర్డర్లు ఎన్ని తగ్గుతాయని వేసుకున్నారు? ఆ డిమాండ్ వ్యాకోచత్వం అంకె మీకెవరిచ్చారు? ఈ కంపెనీలు 2023లో ఆర్డరుకు 2 రూపాయల ప్లాట్‌ఫామ్ ఫీజు మొదలుపెట్టి, తర్వాత దాన్ని పలుమార్లు పెంచాయి. పెంచిన ప్రతిసారీ ఆర్డర్లు ఎన్ని తగ్గాయో, అసలు తగ్గాయో లేదో వాళ్ల సర్వర్లలో ఉంటుంది. సెస్సు ప్రభావం తేల్చడానికి అంతకన్నా మంచి డేటా దొరకదు. అది మీకు ఇచ్చారా? మీరు అడిగారా? అడిగినా ఇవ్వకపోతే ఆ మాట రిపోర్టులో ఉందా? ఫీజు పెంచితే పోని ఆర్డర్లు సెస్సు వేస్తే ఎలా పోతాయని ఎవరో ఒకరు మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు, నన్ను ఆ రైతు అడిగినట్టు.

తర్వాత సార్ దగ్గరికి వెళ్లండి. “మీరు తప్పు చేస్తున్నారు” అని మొదలుపెట్టకండి. ఆయన కూడా ఒకప్పుడు మీలాగే జీతాల కోసం చివరి వాయిదాకు ఎదురుచూసిన మనిషే అయ్యుంటారు. వ్యాసం చివర వేయాల్సింది రాసుకుని తీసుకెళ్లండి:

“ఈ వ్యాసానికి ఆధారమైన అధ్యయనాన్ని ఫలానా సంఘం నిధులతో మా సంస్థ చేసింది. ముసాయిదాను ఆ సంఘం ముందుగా చూసింది.”

ఇంతే. రెండో వాక్యం నిజమైతేనే పెట్టండి. చోటు లేదంటారేమో. మన పత్రికలు వ్యాసం కింద “వ్యాసకర్త ప్రముఖ ఆర్థిక నిపుణులు” అని వేసి, ఫోన్ నంబరు కూడా వేస్తాయి. “ప్రముఖ” తీసేస్తే సగం చోటు దొరుకుతుంది.

“ఇలా రాస్తే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది” అని ఆయన అనొచ్చు. చాలామంది మనస్ఫూర్తిగా నమ్మే వాదనే ఇది. మీరు చెప్పాల్సింది ఒకటే: సంఘం వాళ్లు రేపు ప్రభుత్వానికిచ్చే వినతిపత్రానికి ఈ రిపోర్టు జతచేస్తారు, సంఘం పేరు అప్పుడు ఎలాగూ బయటికొస్తుంది. మనం చెబితే రెండు వాక్యాలతో పోతుంది. వేరేవాళ్లు బయటపెడితే అదే వార్త అవుతుంది, అందులో మన ఇద్దరి పేర్లూ ఉంటాయి. నిజం చెప్పాలంటే, మా ఆఫీసుల్లో నైతికత కన్నా ఈ వాదనే ఎక్కువ పనిచేసింది.

అయినా కాదంటే, “సార్, ఈ వ్యాసం మీ ఒక్కరి పేరుతోనే వెళ్లనివ్వండి, నేను లెక్కలు సరిచూసి ఇస్తాను” అనండి. రెండేళ్ల అనుభవంలో ఒక పత్రికా వ్యాసం పోతే ఏమీ పోదు. ఉద్యోగం వదిలేయమని కొందరు కింద కామెంట్లలో అంటారు. ఈఎంఐలు వాళ్లు కట్టరు కాబట్టి వినకండి. రిపోర్టు సంగతి బయట ఎవరికైనా చెప్పే ముందు మాత్రం మీ అపాయింట్‌మెంట్ లెటర్లో గోప్యత షరతు ఏముందో చూసుకోండి.

ఆఖరిగా ఒక పని. మీ సంస్థకూ సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం మీకు చూపించకపోవచ్చు, కానీ పని పరిధి రాసిన పేజీలు, చెల్లింపుల షెడ్యూలు టీమ్ దగ్గర ఉంటాయి. అందులో రెండు చోట్ల చూడండి: చివరి వాయిదా “సమర్పణ” మీదా, “ఆమోదం” మీదా అని. ప్రచురణకు ముందు వాళ్ల “వ్యాఖ్యలు పరిశీలించాలి” అని ఉందా, “సంతృప్తికరంగా చేర్చాలి” అని ఉందా అని. పేర్లేవీ లేకుండా ఆ రెండు మాటలు ఏవో ఇక్కడ చెప్పండి. తర్వాత ఏం చేయాలన్నది దాన్ని బట్టి ఉంటుంది.